ఇంట్లో పడిన వాన

పాపన్న సార్ వేళ్ళు ఒకచోట ఊరుకోవు. రైలు ధర్మవరం స్టేషన్ వదిలిన దగ్గర్నుంచి కిటికీ కడ్డీ మీద నడుస్తూనే ఉంటాయి. పైకి నాలుగు, పక్కకు రెండు, మళ్ళీ పైకి ఒకటి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు జపం చేసుకుంటున్నాడనుకుంటారు. ఆయన లెక్కపెట్టేది గళ్ళు.

ఆయన డ్రాయింగు మాస్టరు. సోమ, మంగళ హిందూపురం. బుధ, గురు పెనుకొండ. శుక్ర, శని ధర్మవరం. మూడూ ప్రైవేటు స్కూళ్ళే. వారమంతా ఒక డ్రాయింగు మాస్టరును పెట్టుకోవాలని వాటిలో దేనికీ ఉండదు. అడ్మిషన్ల కరపత్రం మీద మాత్రం మూడింటికీ కావాలి. 'మీ చిన్నారి ఊహలకు రెక్కలు' అని హిందూపురం స్కూలు వేసుకుంటుంది. ఆ రెక్కలు వారానికి రెండు పీరియడ్లు. లెక్కల మాస్టరుకు సిలబస్ మిగిలిపోతే అవి కూడా ఉండవు.

నేను పెనుకొండ దగ్గర కార్ల సామాను తయారుచేసే ఫ్యాక్టరీకి పోతాను. పాపన్న సార్‌దీ మాదీ ధర్మవరంలో ఒకే వీధి. వారంలో నాలుగు రోజులు ఒకే రైలు. అందుకే ఆయన సంగతి నాకు తెలుసు.

మాస్టరు కాకముందు ఆయన ఇరవై రెండేళ్ళు పట్టుచీరలకు గ్రాఫ్ గీశాడు. కాగితం మీద ఒక గడి అంటే మగ్గం మీద ఒక పోగు. ఏ గడి నింపాలి, ఏ గడి వదలాలి అన్నది ఆయన చెయ్యి తేల్చేది. ఆ కాగితం చూసుకుంటూ అట్టలకు బెజ్జాలు కొట్టేవాళ్ళు. అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే పోగులు లేచి, అంచు మీద చిలక లేచేది.

ఇరవై ఏళ్ళ వయసులో ఒకసారి ఆయన చిలక ముక్కు పక్కన ఒక గడి ఎక్కువ నింపాడు. ఒక్కటంటే ఒక్కటి. చీర మగ్గం దిగాక చూస్తే, అంచు పొడవునా ఉన్న చిలకలన్నీ నాలుక బయటపెట్టి ఉన్నాయి. షావుకారు ఆ చీరను తిట్టి పక్కన పెట్టలేదు. అంగడి ముందర తాడు కట్టి వారం రోజులు వేలాడదీశాడు. "చూడండప్పా, మా పాపన్న చిలకలు మనల్ని ఎక్కిరిస్తాండాయి" అని దారిన పోయేవాళ్ళను పిలిచి చూపించాడు. ఆ వారం నుంచి ఆయనకు వీధిలో 'నాలిక పాపన్న' అనే పేరు స్థిరపడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్క గడి తప్పలేదు. వేల మామిడి పిందెలు, వేల హంసలు గీశాడు. వాటిలో ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. ఊరికి గుర్తున్నది ఆ చిలక ఒక్కటే.

కంప్యూటర్లు వచ్చాక గ్రాఫ్ గీసే చేతులతో పని లేకపోయింది. అప్పుడు ఆయన స్కూళ్ళ చుట్టూ తిరిగాడు. గళ్ళ కాగితాలను వెంట తీసుకుపోయాడు.

ఆయన పాఠం ఇలా ఉంటుంది. పిల్లలందరికీ తలా ఒక గళ్ళ కాగితం. సార్ బల్ల దగ్గర నిలబడి చెబుతాడు: "ఆరో గడి నుంచి మొదలు. పైకి నాలుగు. పక్కకు రెండు." నలభైమంది నింపుతారు. పీరియడు అయ్యేసరికి నలభై నెమళ్ళు. ఒకదాని తోక ఇంకొకదాని కంటే వెంట్రుకవాసి పొడవుండదు. తల్లిదండ్రులు చూసి మురిసిపోతారు. మావాడిలో ఇంత కళ ఉందని తెలియదు సార్ అంటారు. లెక్క కుదరని పిల్లలకు సార్ తనే రైల్లో ఒకటి గీసి, కింద వాళ్ళ పేరు రాసి పెడతాడు. ఆయన బ్యాగులో ఎప్పుడూ రెండు మూడు నెమళ్ళు సిద్ధంగా ఉంటాయి.

మా ఇంట్లో కూడా ఒక నెమలి ఉంది. నేను నాలుగో తరగతిలో ఆయన దగ్గర గీసి మొదటి బహుమతి కొట్టింది. అమ్మ ఇప్పటికీ దాని అద్దం తుడుస్తుంది. ఇప్పుడు నాకు ఒక తెల్ల కాగితం ఇచ్చి కుక్కను గీయమంటే గీయలేను. పుస్తకం చదువుతూ కళ్ళు మూసుకుంటే అందులోని ఊరు కూడా నాకు గళ్ళుగళ్ళుగానే కనిపిస్తుంది. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. అనాలని మాత్రం చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

పోయిన నవంబరులో హిందూపురం స్కూల్లో 'మా ఇల్లు' గీయించాడు. కప్పు పన్నెండు గళ్ళు, తలుపు నాలుగు, కిటికీ రెండు. యమున అనే పాప అంతా సరిగ్గానే నింపింది. నాలుగో తరగతి, రోల్ నంబరు ఇరవై మూడు. చిలమత్తూరు వైపు పల్లె నుంచి స్కూలు వ్యానులో వస్తుంది. గీయడం అయిపోయాక ఆ పాప నీలం పెన్సిలు తీసుకుని ఇంటి లోపలంతా, కప్పు కింద, గళ్ళతో సంబంధం లేకుండా ఏటవాలుగా గీతలు గీసింది. వాన. బయట మాత్రం ఎండ, సూర్యుడు, ఆరేసిన బట్టలు.

పాపన్న సార్ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీత కొట్టాడు. 'వాన ఇంట్లో పడదు' అని కింద రాశాడు. కాగితాన్ని పైకెత్తి క్లాసంతటికీ చూపించాడు. వెనక బెంచీ నుంచి ఎవడో, "వాళ్ళ ఇల్లు కారుతాదంట సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం నుంచి యమునకు 'కారే ఇల్లు' అని పేరు పడింది.

ఆ రోజు తర్వాత ఆ పాప ఏమీ గీయలేదు. సార్ కాగితం ఇస్తే పేరు, నంబరు రాసి అట్లే తిరిగి ఇచ్చేది. డిసెంబరంతా అదే. జనవరి అంతా అదే.

ఫిబ్రవరి మొదటి వారంలో రైల్లో ఆయన ఈ సంగతి నాకు చెప్పాడు. నెలాఖరు శనివారం స్కూల్లో ఎగ్జిబిషన్ ఉంది. హాలు గోడ మీద నాలుగో తరగతి నెమళ్ళు రోల్ నంబర్ల వరసలో అతికించాలి.

"ఇరవై మూడో నంబరు మళ్ళీ ఖాళీ కాగితమే ఇచ్చిందబ్బా."

"మీ బ్యాగులో ఉండాయి కదా సార్. ఒకటి పెట్టేయండి. కొత్తేం కాదు కదా."

నా మాటలో ఉన్న ముల్లు ఆయనకు తగిలినట్టుంది. కిటికీ మీద వేళ్ళు ఆగాయి.

"పెడదామనే తీసినా. ఆ పాప చూసింది. 'పేరు కూడా మీరే రాసుకోండి సార్, మీ రాత బాగుంటాది' అనింది. కోపంగా కూడా అనలే. మామూలుగా అనింది."

 పెనుకొండ కొండ కనబడేదాకా ఆయన వేళ్ళు కదల్లేదు. ఆయన కూర్చున్నచోట అంతసేపు కదలకుండా ఉండటం అదే మొదటిసారి చూశాను.

"ఆదివారం నీ బండి ఖాళీయేనా?" అన్నాడు. "ఆ పాప ఇంటికి పోయొద్దాం."

"పోయి ఏమంటారు?"

"తెలీదబ్బా. పిల్ల గీయడం మానేసింది. నావల్లనే మానేసింది. అది తెలిసి ఈడ కూర్చోలేకుండా ఉండా."

బండి మీద రెండు గంటల దారి. పెనుకొండ దగ్గర పెద్దరోడ్డు ఎక్కి, కొడికొండ దగ్గర దిగాం. దారి పొడవునా ఆయన వేళ్ళు నా భుజం మీద గళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాయి. పల్లెలో అడిగితే చివరి ఇల్లు చూపించారు. చుట్టూ మల్బరీ తోట, ఇంటి పక్కన పొడవాటి షెడ్డు. యమున నాయన ఆంజనప్ప తోటలో కొమ్మలు కోస్తున్నాడు. షెడ్డు వాకిట్లో యమున అవ్వ రామసుబ్బమ్మ మమ్మల్ని ఆపింది.

"చేతులు కడుక్కోండి. కాళ్ళు ఆ సున్నంలో తొక్కి రాండి." ఆమె నా దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చింది. "సెంటు కొట్టినావా నాయనా?"

"కొంచెం, అవ్వా."

"అయితే నువ్వు గడప బయటే ఉండు. పెండ్లిచూపులకు వచ్చినట్లు వచ్చినావు. ఈడ పిల్లలేమీ లేరు, పురుగులే ఉండేది. ఆ వాసనకు మేత మానేస్తాయి."

అలా నేను గడప దగ్గర నిలబడిపోయాను. పాపన్న సార్ లోపలికి పోయాడు. పొద్దున పదకొండు గంటలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. లోపల మసక. బారులు తీరిన అరల మీద మల్బరీ కొమ్మలు, కొమ్మల నిండా తెల్లటి పట్టుపురుగులు. యమున ఒక మూల కొమ్మలు పరుస్తోంది. సార్‌ను చూసి చేతిలో కొమ్మ అట్లే పట్టుకుని నిలబడింది.

సార్ ఆ పాపను చూడటం లేదు. తల పైకెత్తి కప్పు వైపు చూస్తున్నాడు. తర్వాత గడప దగ్గర ఉన్న నా వైపు తిరిగాడు.

"మారుతీ, బయట వాన వస్తాందా?"

నాకూ వినిపించింది. రేకు మీద కాదు, ఆకుల మీద పడే వాన. సన్నగా, తెరిపి లేకుండా, నాలుగు వైపుల నుంచీ. బయట ఎండకు నా నెత్తి మాడుతోంది.

రామసుబ్బమ్మ నవ్వింది. "వాన యాడిది సారూ. పురుగులు మేస్తాండాయి. నిన్ననే నాలుగో జ్వరం లేసినాయి కదా, ఇంక వారం దినాలు రేయీ పగలూ ఇదే చప్పుడు."

పురుగులు మేత మాని, కదలకుండా పడుకుని, పాత చర్మం విడిచే రోజులను వాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పుట్టే ఆకలి ఆ చప్పుడు. పాపన్న సార్ అక్కడే కింద కూర్చుండిపోయాడు. ఇరవై రెండేళ్ళు పట్టు మీద బతికిన మనిషి. ఆయన గీసిన ప్రతి గడిలోకీ ఒక పట్టు పోగు ఎక్కింది. ఆ పోగు కక్కిన పురుగు ఆకు తింటే ఎలా ఉంటుందో ఒక్కసారీ వినలేదు. మా ధర్మవరంలో ఎంతమంది విన్నారు? పురుగులు కట్టుకున్న గూళ్ళు హిందూపురం మార్కెట్టులో అమ్ముడుపోతాయి, ఎక్కడో దారమవుతాయి, మా దగ్గరికి రంగు లచ్చలై వస్తాయి. పురుగు మాకెందుకు?

కింద కూర్చునే ఆయన యమున వైపు తిరిగాడు.

"నీ బొమ్మ తప్పు కాదు పాపా. నేనే తప్పు."

యమున పోయి అవ్వ వెనక నిలబడింది. "వాన ఇంట్లో పడదని మీరే రాసినారు కదా సార్."

"రాసినా. నాకు తెలీక రాసినా. ఆ కాగితం ఉండాదా?"

"పురుగుల కింద పరిచేసినా. పెంటతోపాటు ఎత్తి తోటలో పారబోసినారు."

"ఇంకోటి గీస్తావా?"

"గీయను సార్."

ఆ పాప మళ్ళీ కొమ్మలు పరవడానికి పోయింది. మాకు మజ్జిగ ఇచ్చి పంపింది రామసుబ్బమ్మ.

ఆ వారం పాపన్న సార్ మూడు స్కూళ్ళకూ గళ్ళ కాగితాలు తీసుకుపోలేదు. తెల్ల కాగితాలు పట్టుకుపోయాడు. సంబరంగా పోయాడు. ఏం జరగబోతోందో నాకు ముందే తెలుసు. చెప్పలేదు. పదహారేళ్ళు ఆయన నాటిన విత్తనం ఎట్లా మొలిచిందో ఆయనే చూడనీ అనుకున్నాను.

సోమవారం హిందూపురంలో పిల్లలకు తెల్ల కాగితాలిచ్చి మీకు తోచింది గీయండి అన్నాడు. వాళ్ళు కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకడు స్కేలు తీశాడు. అది చూసి అందరూ తీశారు. పీరియడంతా గళ్ళు గీసుకున్నారు. గంట కొట్టేసరికి గళ్ళు పూర్తయ్యాయి, బొమ్మకు టైము లేదు. యమున తెల్ల కాగితం మీద పేరు, నంబరు రాసి ఇచ్చేసింది.

బుధవారం పెనుకొండలో పిల్లలను వరండాలోకి తీసుకుపోయి, ఎదురుగా ఉన్న కొండను చూపించి గీయమన్నాడు. పుట్టినప్పటి నుంచి వాళ్ళు రోజూ చూసే కొండ. ఒక పిల్లవాడు చెయ్యెత్తి అడిగాడట: "కొండ ఎన్ని గళ్ళు సార్?"

సాయంత్రం రైల్లో ఈ మాట చెబుతూ ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మీరు నేర్పిందే కదా సార్," అన్నాను. ఎన్నో ఏళ్ళుగా నోటిదాకా వస్తున్న మాట ఆ పూట ఆగలేదు. "నన్ను అడిగినా అదే అడుగుతా. మా ఇంట్లో నెమలిని మా అమ్మ తుడుస్తాంటే నాకు దాన్ని పగలగొట్టబుద్ధి అయితాది."

ఆయన బాధపడతాడనుకున్నాను. ఆయన నా చేతుల వైపు చూశాడు, చాలాసేపు. "నీకూనా?" అన్నాడు. అంతే.  ధర్మవరంలో దిగేటప్పుడు, "ఆదివారం మళ్ళీ పోవాల," అన్నాడు.

ఈసారి సబ్బు కూడా రుద్దుకోకుండా పోయాను. రామసుబ్బమ్మ నా చొక్కా వాసన చూసి లోపలికి వదిలింది.

"మంచి దినమే వచ్చినారు సారూ. ఈ పొద్దుతో మేత సరి. రేపటికి పురుగులు పండుతాయి, చంద్రికల మీదికి ఎక్కిస్తాం. గూడు కట్టే పురుగు నోరు మెదపదు. ఇంక మీ వాన ఉండదు."

చంద్రికలంటే పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలు. కడిగి, ఎండబెట్టి వాకిట్లో పేర్చి ఉన్నాయి.

పాపన్న సార్ అట్ట మీద తెల్ల కాగితం పెట్టుకుని అరల మధ్య కింద కూర్చున్నాడు. పెన్సిలు తీశాడు. యమునను పిలవలేదు, బతిమాలలేదు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ గీయడం మొదలుపెట్టాడు. కళ్ళు తెరిచి చూసుకుంటే కాగితం మీద నిలువు గీతలు, వాటి మీదుగా అడ్డగీతలు. చెయ్యి తన దారి తాను పట్టింది. ఇంకో కాగితం తీశాడు. మళ్ళీ అదే. ఆయన నుదుటి మీద చెమట పోసింది. నాకు బయటికి పోవాలనిపించింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి తన చేతితో తానే కొట్లాడుతుంటే చూడటం కష్టం.

యమున కొమ్మలు పరుస్తూ పరుస్తూ దగ్గరికి జరిగింది. మూడో కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది సార్ ఇది?"

"వాన."

"ఇది వాన కాదు సార్. కిటికీకి కొట్టే జాలీ."

"పోనీలే, దోమలు రావు," అంది రామసుబ్బమ్మ పక్క వరస నుంచి.

"రావట్లేదు పాపా. నా చేతికి రాదు ఇది. నువ్వు నేర్పు."

ఆ పాప ఆయన మొహం చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అని చూసినట్టుంది. తర్వాత ఆయన జేబు వైపు చూసింది.

"ఆ ఎర్ర పెన్ను ఇస్తారా సార్?"

ఇచ్చాడు. ఆయన గీసిన కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క గీత కొట్టింది. ఎంత గట్టిగా అంటే మధ్యలో కాగితం చిరిగింది. ఆయన కదల్లేదు. ఆ పాప పెన్ను తిరిగి ఆయన జేబులో పెట్టి, పెన్సిలు తీసుకుని, చివరి తెల్ల కాగితంతో అర కింద బోర్లా పడుకుంది.

మాకు మోచెయ్యి ఒక్కటే కనబడుతోంది. అది ఒకసారి తొందరగా కదిలేది, ఒకసారి అసలు కదలకుండా ఆగిపోయేది. పైన పురుగులు మేస్తున్నాయి. ఆంజనప్ప రెండుసార్లు కొమ్మల మోపు తెచ్చి దించి, కూతురి కాళ్ళు దాటుకుంటూ పోయాడు. ఏమిటని అడగలేదు.

చాలాసేపటికి లేచింది. కాగితం చుట్టి వీపు వెనక పెట్టుకుంది.

"ఇది స్కూలుకు ఇయ్యను సార్. గోడకు అంటిస్తే మళ్ళీ నవ్వుతారు."

"ఇయ్యొద్దులే. నాకొక్కసారి చూపిస్తావా?"

ఆలోచించింది. నా వైపు వీపు తిప్పి, ఆయన ఒక్కడికే కనబడేలా విప్పింది. ఆయన చూశాడు. దాన్ని తానే చుట్టి తిరిగి ఇచ్చాడు.

"అందులో ఏముంది సార్?" అని దారిలో అడిగాను.

"వాన ఉండాది," అన్నాడు. కొడికొండ దాటాక, "ఇంకా ఉండాది," అన్నాడు. నా భుజం మీద ఆయన వేళ్ళు కాసేపు ఊరుకునేవి, మళ్ళీ లెక్కలోకి జారిపోయేవి.

నెలాఖరు శనివారం నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి హిందూపురం పోయాను. హాలు గోడ నిండా నెమళ్ళు. వరసకు ఎనిమిది, అయిదు వరసలు. నింపడం మరిచిపోయిన గడిలాగా మూడో వరసలో ఒకచోట గోడ కనబడుతోంది. తల్లిదండ్రులు ఫోన్లతో తమ పిల్లల నెమళ్ళను వెతుక్కుంటున్నారు. ఏది ఎవరిదో కింద పేరు చూస్తే తప్ప తెలియదు.

స్కూలు కరస్పాండెంటు గిరిధర్ వచ్చి పాపన్న సార్ పక్కన నిలబడ్డాడు.

"సార్, ఆడ ఒకటి ఊడిపోయినట్టుండాది."

"ఊడలేదు సార్. పెట్టలేదు."

"మీ బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉంటాది కదా."

"ఇప్పుడూ ఉండాది."

"మరి పెట్టండి. గోడ వికారంగా కనబడుతాంది. ఎవరు చూస్తారు సార్ ఎవరు గీసినారో?"

పాపన్న సార్ బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాడు. ఆయన పెట్టేస్తాడనే అనుకున్నాను. ఒక గడి తప్పినందుకు బతుకంతా భయపడిన మనిషి. చెయ్యి జిప్పు మీదే ఉంది. వేళ్ళు కదిలాయి, పైకి, పక్కకు. తర్వాత బ్యాగును భుజం నుంచి దించి, కుర్చీ కిందికి కాలితో తోసేశాడు.

"అది అట్లే ఉండనీండి సార్."

గిరిధర్ ఆయనను ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. జూన్‌లో ఆ స్కూలు ఆయనను మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు సోమ, మంగళ వారాలు ఆయన ఇంట్లోనే ఉంటాడు. ఉండలేక వీధిలో తిరుగుతుంటాడు.

ఆ శనివారం మధ్యాహ్నం రామసుబ్బమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని హాల్లోకి వచ్చింది. కళ్ళజోడు సరిచేసుకుని నెమళ్ళన్నీ ఒక వరసన చూసింది.

"మా పాపది యాడుండాది సారూ?"

పాపన్న సార్ మూడో వరసలో ఖాళీని చూపించాడు. "ఆడ."

ఆమె దగ్గరికి పోయి చూసింది. గోడ మీద చెయ్యి పెట్టి తడిమింది. "ఆడేమీ లేదు కదప్పా."

"ఇంట్లో ఉండాది అవ్వా," అంది యమున. "నీ ట్రంకు పెట్టెలో."

వెనక బెంచీ పిల్లవాడు ఒకడు ఖాళీని చూసి, "కారే ఇల్లు ఏమీ గీయలేదురోయ్" అన్నాడు. యమున వాడి వైపు తిరగలేదు. అవ్వ చెయ్యి గోడ మీద నుంచి తీసి, బయట ఐసు బండి దగ్గరికి లాక్కుపోయింది.